నరం అంటే ఏ నరం?

"గుండె నరాల్లో బ్లాకులు ఉన్నాయన్నారు." "రాత్రి నిద్దట్లో పిక్క నరం పట్టేసింది." "సెలైన్ పెడదామంటే నరం దొరకడం లేదు." "డిస్క్ జరిగి నడుం దగ్గర నరం నొక్కుకుపోయిందట." తరచూ వినే మాటలే ఇవి, వినగానే అర్థమయ్యే మాటలే. కానీ మొదటిదాంట్లో నరం అంటే ధమని, గుండె కండరానికి రక్తం తెచ్చే గొట్టం. రెండోదాంట్లో పట్టేసింది కండరం. మూడోదాంట్లో నర్సు వెతుకుతున్నది సిరను, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాన్ని. డాక్టర్లు నెర్వ్ అనేది నాలుగోదాంట్లో ఒక్కచోటే ఉంది.

మాట తప్పని కాదు. నరం అన్నది పని చూసి పెట్టిన పేరు కాదు, ఆకారం చూసి పెట్టిన పేరు. చర్మం కింద సన్నగా, పొడుగ్గా ఏది కనిపించినా, ఏది చేతికి తగిలినా అది నరమే. వైద్యశాస్త్రం మాత్రం పనిని బట్టి పేర్లు పెడుతుంది. రక్తం మోసేది రక్తనాళం, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేది స్నాయువు, కబురు మోసేది నాడి. ఈ తేడాను పట్టుకుంటే 'నరాలు తెగే ఉత్కంఠ', 'నరనరాన', 'నరం లేని నాలుక', 'ప్రజల నాడి' లాంటి పలుకుబడులు ఏది ఎక్కణ్నుంచి పుట్టిందో విడివిడిగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో నెర్వ్ అంటే తెగువ, నెర్వస్ అంటే బెదురు ఎందుకయ్యాయో కూడా తేలుతుంది. వీటన్నింటికంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. ఒంట్లో బాగోలేనప్పుడు అన్నింటికీ 'నరం' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే కొన్నిసార్లు చాలా నష్టపోతాం.

మణికట్టు దగ్గర

అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు ఆనించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. చాలామందికి మణికట్టు నడిమధ్యలో బిగుతుగా ఒక తాడు పైకి లేస్తుంది. పామారిస్ లాంగస్ అనే కండరం తాలూకు స్నాయువు అది. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేనందువల్ల చేతి పట్టులో చెప్పుకోదగ్గ తేడా రాదు. చర్మం కింద నీలంగా పాకినట్టు కనిపించేవి సిరలు. వేలితో నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ నిండుతాయి. బొటనవేలి వైపు ఎముక పక్కన రెండు వేళ్లు ఆనిస్తే లయగా కొట్టుకునేది ధమని. నాడి చూడటం అంటే చూసేది దాన్నే.

ఈ మూడూ కంటికో వేలికో దొరుకుతాయి. నాలుగోది దొరకదు. ఆ తాడు కిందే, దాదాపు దాన్ని ఆనుకునే, మీడియన్ అనే నాడి పోతుంది. అది కొట్టుకోదు, ఉబ్బదు, నీలంగా కనిపించదు, పిడికిలి బిగించినా పైకి లేవదు. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, వీటన్నింటి అరచేతి వైపు స్పర్శ మెదడుకు చేరేది దాని గుండానే. చీకట్లో జేబులో చెయ్యి పెట్టి ఇది తాళంచెవి, ఇది నాణెం అని చూడకుండా చెప్పగలుగుతున్నామంటే చాలావరకు ఆ నాడి చలవే.

అది అరచేతిలోకి దిగేచోట దారి ఇరుకు. అడుగున మణికట్టు ఎముకలు, పైన గట్టి పట్టీ. కార్పల్ టన్నెల్ అంటారు దీన్ని. వేళ్లను వంచే స్నాయువులు 9, వాటితో పాటు మీడియన్ నాడి, అన్నీ ఆ సందులోంచే పోవాలి. లోపల వాపు వచ్చిందంటే స్నాయువులు తట్టుకుంటాయి, నాడి తట్టుకోలేదు. అర్ధరాత్రి వేళ్లు మొద్దుబారి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గడం ఈ ఇబ్బందికి బాగా తెలిసిన గుర్తు. నరం దెబ్బతింటే నొప్పే వస్తుందని మనం అనుకుంటాం గానీ, ఇక్కడ చాలామందికి మొదట తెలిసేది తిమ్మిరి.

లోపల కూడా స్నాయువూ నాడీ చూడటానికి ఒకే పోలిక, రెండూ తెల్లటి తాళ్లలాగే ఉంటాయి. స్నాయువు మెరుస్తూ, గట్టిగా ఉంటుంది. నాడి కాస్త పసుపు ఛాయతో, మెత్తగా, పైన సన్నటి రక్తనాళాలు పాకి ఉంటుంది. వేరేచోట అతకడానికి పామారిస్ స్నాయువును తీయబోయి పొరపాటున మీడియన్ నాడినే తీసేసిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చాలా అరుదు, అయినా జరిగాయి. చర్మం కోసి, వెలుతురు పెట్టి, శిక్షణ ఉన్న కళ్లతో చూసినా పొరబడేంత పోలిక అది. చర్మం మీంచి చూసి, చేత్తో తడిమి పేరు పెట్టినవాళ్లు అన్నింటినీ నరమే అన్నారంటే అందులో వింతేమీ లేదు.

నాడిని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ పోలిక అక్కడితో ఆగిపోతుంది. లోపల వేల పోగులు, కట్టలు కట్టలుగా. ఒక్కో పోగూ ఒక్కో జీవకణం సాచిన చెయ్యి. కాలి బొటనవేలి స్పర్శను పైకి తెచ్చే కణం పోగు మీటరు పొడవు దాటుతుంది, ఆ పొడవంతా ఒకే కణం. లావుగా ఉండి, చుట్టూ కొవ్వు పొర ఉన్న పోగుల్లో కబురు సెకనుకు 100 మీటర్లు దాటి పోగలదు. పొరలేని సన్న పోగుల్లో సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. కాలివేలు బల్లకు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమంటుంది, ఒక్క క్షణం ఆగి సలుపు మొదలవుతుంది చూడండి. ఒకే దెబ్బకు రెండు కబుర్లు, రెండు రకాల పోగుల్లో, రెండు వేగాలతో బయల్దేరి వేర్వేరుగా చేరడమే అది.

ఈ వేగాన్ని మొదట కొలిచింది జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్స్, 1850లో, కప్ప కాలి నాడి మీద. సెకనుకు సుమారు 27 మీటర్లని తేలింది. నాడిలో కబురు ఎంత వేగంగా పోతుందో ఎప్పటికైనా కొలవగలమన్న ఆశ లేదన్నాడు ఆయన గురువు యొహానెస్ ముల్లర్. తీరా చూస్తే అది గంటకు 100 కిలోమీటర్లు కూడా కాదు. మనసులో అనుకోవడం, చెయ్యి కదలడం ఒకే క్షణంలో జరుగుతాయన్న నమ్మకం ఆ కొలతతోనే పోయింది.

కట్టే తాడు, కబురు మోసే పోగు

ఈ కలగాపులగం మన ఒక్క భాషదే కాదు. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట స్నాయువు, వింటినారి. అరిస్టాటిల్ ఆ మాటను ఎముకలను కట్టి ఉంచే తాళ్లకే వాడాడు, అవి గుండె దగ్గర మొదలవుతాయని అనుకున్నాడు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యులు మనుషుల శవాలను కోసి చూశారు. కొన్ని తాళ్లు ఎముకను పట్టుకుని ఆగిపోకుండా వెన్నుపాముకూ మెదడుకూ చేరుతున్నాయని గమనించారు. స్పర్శకు కొన్ని, కదలికకు కొన్ని అని కూడా విడదీశారు. కొత్త విషయం దొరికింది గానీ కొత్త పేరు పెట్టలేదు, పాత న్యూరాన్‌నే వాడుకున్నారు. ఈరోజు న్యూరాలజీ, న్యూరాన్ అంటున్నామంటే స్నాయువు పేరునే పలుకుతున్నాం.

ఆ తర్వాత దాదాపు 400 ఏళ్లకు రోమ్‌లో గేలెన్ అనే వైద్యుడు జనం ముందు ఒక ప్రయోగం చేసి చూపించాడు. కట్టేసి ఉంచిన పంది అరుస్తుండగా దాని గొంతు పక్కనున్న సన్నటి నాడులను కట్టేశాడు. పంది గింజుకుంటూనే ఉంది, గొంతు మాత్రం పోయింది. గొంతుకు కండరాలున్నాయి, ఊపిరితిత్తుల్లో గాలి ఉంది, ఆగిపోయింది ఆజ్ఞ ఒక్కటే. ఆ ఆజ్ఞ మెదడు నుంచి ఈ సన్న దారం మీదుగా వస్తోందని కళ్లారా చూపించిన ప్రయోగం అది. ఆ దారంలో పోయేది ఏమిటో తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది. నాడులు బోలుగా ఉంటాయని, వాటిలో ప్రాణం నిలిపే ఒక రకం గాలి పారుతుందని శతాబ్దాల పాటు నమ్మారు. 1791లో బొలోన్యాలో లూయీజీ గాల్వానీ కప్ప కాళ్ల మీద చేసిన ప్రయోగాలను అచ్చువేశాక, పారేది గాలీ ద్రవమూ కాదు, విద్యుత్తుకు సంబంధించినదని ఆలోచన అటు మళ్లింది.

సుశ్రుత సంహితలో లెక్క వేరేగా ఉంటుంది. సిరలు 700, ధమనులు 24, స్నాయువులు 900. పలకలను తాళ్లతో బిగించి కట్టిన పడవ ఎలా బరువు మోస్తుందో, కీళ్లను స్నాయువులు కట్టి ఉంచడం వల్లే మనిషి బరువు మోయగలుగుతున్నాడని అందులో ఒక పోలిక ఉంది. ఎముకకో కండకో సిరకో తగిలిన దెబ్బకంటే స్నాయువుకు తగిలిన దెబ్బ ఎక్కువ హాని చేస్తుందని కూడా అంటుంది. అంటే ఇక్కడా స్నాయువు ప్రధానంగా కట్టే తాడే. ఆ సంస్కృత పదం తర్వాత ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టింది. బెంగాలీలో స్నాయుతంత్రం అంటే నాడీవ్యవస్థ. మరాఠీలో స్నాయువు అంటే కండరం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అది ఎముకకు కట్టే తాడుగానే మిగిలింది.

నాడి కథ దీనికి తిరగబడింది. సంస్కృతంలో నాడి అంటే గొట్టం, రెల్లు కాడలాంటి బోలు వస్తువు. ఆ అర్థంతోనే అది రక్తం కొట్టుకునే చోటికి పేరయింది. చరక, సుశ్రుత సంహితల్లో కనిపించని నాడీ పరీక్ష వాటి తర్వాత వచ్చిన ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. యోగగ్రంథాల్లోని ఇడ, పింగళ, సుషుమ్న ప్రాణం నడిచే దారులు. వాటిని ఈనాటి శరీరశాస్త్రంలోని ఫలానా నరానికి అంటగట్టే ప్రయత్నాలు చాలా జరిగాయి. నా దృష్టిలో రెంటికీ న్యాయం చేయని పని అది. ధ్యానం చేసేవాడు లోపల అనుభవించిన పటం వేరు, శవాన్ని కోసి గీసిన పటం వేరు. ఇక ఆధునిక విజ్ఞానాన్ని తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు నాడీవ్యవస్థ, నాడీకణం అని ఇదే మాటను తీసుకున్నారు. అందువల్ల ఈరోజు నాడి కూడా రెండు పనులు చేస్తోంది. 'నాడి చూశాడు' అంటే ధమని, 'నాడీ మండలం' అంటే నెర్వులు.

మన నరం మాత్రం ద్రావిడ మాట. తమిళంలో నరంబు, మలయాళంలో ఞరంబు, కన్నడలో నర దీని తోబుట్టువులు. పాత తమిళంలో యాళ్ అనే వీణ తీగను కూడా నరంబే అన్నారు. లాగి బిగిస్తే మోగేది, వదిలితే జారేది, ఎక్కువ లాగితే తెగేది. ఈ బొమ్మను కాస్త గుర్తుంచుకుంటే మన పలుకుబడులు సగం అర్థమైపోతాయి.

తెగేవి, పారేవి, జివ్వుమనేవి

'నరాలు తెగే ఉత్కంఠ' క్రికెట్ చివరి ఓవర్ గురించి రాసే ప్రతి వార్తలోనూ కనిపిస్తుంది. ఇందులోని నరం కబురు మోసేది కాదు, బిగించిన తాడు. టెన్షన్ అనే మాట కూడా లాగి బిగించడం అన్న అర్థం నుంచి వచ్చిందే కాబట్టి 'నరాలు తెగే టెన్షన్' అన్నప్పుడు ఒకే బొమ్మను రెండు భాషల్లో చెబుతున్నాం. నిజంగా నాడులు తెగడం మోటారు సైకిల్ ప్రమాదాల్లో జరుగుతుంది. భుజం ఒకవైపు, తల ఒకవైపు లాగేసినట్టు పడితే చేతికి వెళ్లే నాడులు వెన్నుపాము దగ్గర మొదలంటా ఊడిపోతాయి. ఆ చెయ్యి కదలదు, ముట్టుకుంటే తెలియదు, అయినా ఆ తెలియని చేతిలోనే భరించలేని మంట పుట్టవచ్చు. ఉత్కంఠకూ దానికీ పోలికే లేదు. 'నరాల్లో సత్తువ ఉన్నంతకాలం', 'నరాలు బిగబట్టి' అనేవి కూడా ఈ తాడు కుటుంబానివే. బలం ఉండేది కండలో, దాన్ని ఎముకకు అందించేది స్నాయువు.

'నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది' అన్న సామెతను శరీరశాస్త్రం చదివినవాళ్లు తప్పని కొట్టేయవచ్చు. ఎందుకంటే ఒంట్లో నాడులు బాగా దట్టంగా ఉన్న భాగాల్లో నాలుక ఒకటి. మెదడు నుంచి నేరుగా వచ్చే 12 జతల నాడుల్లో ప్రధానంగా 4 దాని కోసం పనిచేస్తాయి. నాలుక ముందు భాగం స్పర్శ 5వ నాడిది, అక్కడి రుచి 7వదానిది. వెనక భాగానికి రుచి, స్పర్శ రెండూ 9వ నాడివి. కదలిక దాదాపు అంతా 12వ నాడిది. ఆ 12వ నాడి ఒకవైపు దెబ్బతింటే, నాలుక చాపమన్నప్పుడు అది నేరుగా రాకుండా దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది. డాక్టర్లు నాలుక చాపమనేది చాలాసార్లు ఇది చూడ్డానికే. నాడి తెగితే దాని పోగులకు ఏమవుతుందో అగస్టస్ వాలర్ 1850లో మొట్టమొదట చూసింది కూడా కప్ప నాలుక నాడుల్లోనే.

అయినా సామెత తప్పు కాదు. అక్కడ నరం అంటే కట్టి ఉంచే తాడు. 'ఎముక లేని నాలుక' అనే రూపం కూడా వినిపిస్తుంది, దాన్నిబట్టి నాకు కలిగిన నమ్మకం ఇది. చెయ్యిని కీలు ఆపుతుంది, మోకాలు ఒకవైపే వంగుతుంది. నాలుకను ఏ తాడూ ఒక దిక్కుకు కట్టేయలేదు, అందుకే నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. ఆధునిక అర్థాన్ని పాత సామెత మీద రుద్దితే అబద్ధమైపోతుంది, దాని అర్థంలో దాన్ని చదివితే నిజంగానే నిలబడుతుంది.

'నరనరాన జీర్ణించుకుపోయింది', 'కళ నరనరాల్లో ప్రవహిస్తోంది' అన్నప్పుడు బొమ్మ మారిపోతుంది. ప్రవహించడం తాడుకు చేతకాదు, గొట్టం కావాలి. ఇవి రక్తనాళాలు. మెడనరాలు ఉబ్బేలా అరవడం, చేతుల మీద నరాలు తేలడం కూడా ఇవే. 'జీవనాడి' అంటే తెగితే బతుకే ఆగిపోయే ధమని. ఒక ప్రాంతానికి ఒక నది జీవనాడి అన్నప్పుడు నీరు, రక్తం ఒకదాని మీద ఒకటి చక్కగా కుదిరాయి. 'ప్రజల నాడి పట్టాడు' అన్నది వైద్యుడి వేళ్ల నుంచి వచ్చిన మాట. జనం ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకోవడం వేరు, అడక్కుండా పైనుంచి వేళ్లు ఆనించి లోపలి సంగతి కనిపెట్టడం వేరు. ఆ రెండో నేర్పునే ఈ మాట మెచ్చుకుంటుంది.

కబురు మోసే నాడికి మన భాషలో దక్కిన చోటు చిన్నది. 'నరాలు జివ్వుమన్నాయి', 'పంటినరం లాగేస్తోంది' లాంటివి. మోచేతి లోపలివైపు ఎముక గాడిలో చర్మం కిందే పోయే నాడికి దెబ్బ తగిలితే చిటికెనవేలి దాకా కరెంటు పాకినట్టుంటుంది కదా, జివ్వు అంటే అది. ఎముకకు తగిలిందనుకుంటాం, తగిలింది అల్నర్ నాడికి. రూట్ కెనాల్ చేసినప్పుడు 'నరం తీసేశారు' అంటాం, అక్కడ ఆ మాట అక్షరాలా సరైనదే. పంటి లోపలి గుజ్జులోని రక్తనాళాలతో పాటు నాడి కూడా పోతుంది.

ఇంగ్లీషువాళ్ల చిక్కు వేరు. వాళ్లకు నెర్వ్ ఉండటం అంటే తెగువ, నెర్వస్ అవడం అంటే బెదిరిపోవడం. ఒకే వేరు నుంచి ఎదురెదురు అర్థాలు. దీనికి కారణం కూడా తాడే. లాటిన్‌లో నెర్వుస్ అంటే స్నాయువు, వింటినారి, దాన్నుంచి బలం. అంతులేని ధనమే యుద్ధానికి నెర్వులు అన్నాడు రోమన్ వక్త సిసిరో. అందుకే 18వ శతాబ్దం దాకా ఇంగ్లీషులో నెర్వస్ శైలి అంటే పటుత్వం ఉన్న రచన అని మెచ్చుకోలు. ఈలోగా వైద్యం మారింది. 1664లో థామస్ విల్లిస్ మెదడు మీద రాసిన పుస్తకం నుంచి మొదలుపెట్టి, జబ్బులకు మూలం నాడుల్లో వెతకడం పెరిగింది. నెర్వ్ అంటే కదిలిపోయేది, అదిరిపడేది అయింది. పాత తాడు అర్థం తెగువగా మిగిలింది, కొత్త నాడి అర్థం బెదురైంది.

తెలుగులో తెగువకు నరంతో పని లేదు. 'వాడికెన్ని గుండెలు!' అంటాం, 'గుండెలు తీసిన బంటు' అంటాం. ధైర్యం గుండెలో పెట్టాం, ఓర్పు కడుపులో పెట్టాం, నరానికి మిగిలింది బిగువూ ఉత్కంఠా. బెదురుకు మాత్రం ఇప్పుడు ఇంగ్లీషు నుంచే తెచ్చుకుని 'నెర్వస్‌గా ఉంది' అంటున్నాం. ఆ మాటకు కింద జరిగేది నిజంగా నాడుల పనే. మన ఇష్టంతో పనిలేకుండా నడిచే సింపథెటిక్ నాడులు గుండెను పరిగెత్తిస్తాయి, అరచేతుల్లో చెమట పట్టిస్తాయి, పొట్టలో పని ఆపేస్తాయి, మూత్రపిండాల మీదున్న గ్రంథుల చేత ఎడ్రినలిన్ వదిలిస్తాయి. స్టేజీ ఎక్కే ముందు చేతులు చల్లబడి నోరెండిపోతోందంటే నరాలు బలహీనంగా ఉన్నాయని కాదు, గట్టిగా పనిచేస్తున్నాయని.

నరాల బలహీనత

న్యూయార్క్ వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో న్యూరస్థీనియా అనే జబ్బు గురించి రాశాడు. అలసట, నిద్రలేమి, తలనొప్పి, ఆందోళన, శక్తి చాలకపోవడం. ఆధునిక జీవితపు ఒత్తిడికి నాడుల్లోని శక్తి ఖర్చయిపోవడమే కారణమని ఆయన వాదన. న్యూరస్థీనియాకు అక్షరార్థం నరాల బలహీనతే. ఆ పేరు యూరప్, చైనా, జపాన్ అంతా పాకింది. నాడుల్లో ఏ లోపమూ దొరకలేదు. అమెరికా మనోవైద్యుల జాబితా 1980లో దాన్ని వదిలేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో 10వ కూర్పు దాకా నిలిచి, 2022లో అమల్లోకి వచ్చిన 11వ కూర్పులో లేకుండా పోయింది.

మన మాటల్లో మాత్రం నరాల బలహీనత హాయిగా బతికే ఉంది. చేతులు వణికినా అదే, నిద్ర పట్టకపోయినా అదే, కాళ్లు మండినా అదే, చదివింది గుర్తు లేకపోయినా అదే, పడగ్గది ఇబ్బంది చెప్పుకోలేకపోయినా అదే. దీన్ని మూఢత్వం అనను. డిప్రెషన్ అని పైకి చెప్పుకోలేని మనిషికి ఈ మాట ఒక నీడ ఇస్తుంది, తప్పు మనసుది కాదు ఒంటిది అంటుంది. 'నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నా' అని ఇంట్లో చెప్పగలిగినంత తేలిగ్గా ఇంకో మాట చెప్పలేకపోతున్నారంటే ఆ భారం రోగిది కాదు, వినేవాళ్లది. కానీ ఆ నీడలోనే అసలు జబ్బులు కూడా దాక్కుంటాయి. అరికాళ్ల మంటలు షుగర్ వల్ల నాడులు దెబ్బతిన్నందుకు కావచ్చు, బి12 లోపం కావచ్చు, కుష్ఠు కావచ్చు. కుష్ఠు సూక్ష్మజీవి నాడుల్లోకే చేరుతుంది, మోచేతి గాడిలోని ఆ అల్నర్ నాడి లావెక్కి చేతికి తాడులా తగులుతుంది. కనిపించని నాడి పైనుంచి చేతికి దొరికే అరుదైన సందర్భాల్లో అదొకటి. బలానికి టానిక్ అంటూ నెలలు గడిపేస్తే ఈలోగా వేళ్లు వంకర తిరిగిపోతాయి.

పక్షవాతం దగ్గర ఈ మాట చేసే హాని ఇంకా సూటిగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక చెయ్యి పడిపోతుంది. చేతిలో నరాలు చచ్చుబడ్డాయనుకుని నూనె రాసి మర్దన మొదలుపెడతారు. ఆ చేతి నాడులకు ఏమీ కాలేదు. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది, లేదా చిట్లింది. మూసుకుపోయిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. 'మెదడులో నరం చిట్లింది' అని వార్తల్లో రాసేది రక్తనాళం గురించే. నరం అనే ఒక్క మాట వల్ల జబ్బు మెదడు నుంచి చేతికి జారిపోతే, ఆ గంటలు మర్దనలో కరిగిపోతాయి.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నరం అనకూడదని కాదు. దాని పక్కన ఇంకో మాట చేర్చండి. ఉబ్బిందా, పట్టేసిందా, కొట్టుకుంటోందా, మొద్దుబారిందా, మండుతోందా, జివ్వుమంటోందా. ఉబ్బు సిరను చూపిస్తుంది, పట్టేయడం కండరాన్ని చూపిస్తుంది. మొద్దు, మంట, జివ్వు నాడి వైపు వేలు చూపిస్తాయి. ఎక్కడ మొదలై ఎక్కడి దాకా పోతోందో వేలితో గీసి చూపిస్తే ఇంకా మంచిది. చిటికెనవేలు అంటే ఒక నాడి, బొటనవేలు అంటే ఇంకొకటి. మన భాషలో ఒంటి బాధకు ఇన్ని సున్నితమైన క్రియలు ఉన్నాయి, వైద్యులకు కావలసింది కూడా అవే.

1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎదురెదురు పక్షాల దేశాలకు చెందిన ఇద్దరు వైద్యులు, ఫ్రాన్స్‌లో జూల్స్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే పరీక్షను రాశారు. నాడి తెగిన సైనికుడి చేతి మీద, గాయం నుంచి కిందికి, వేలితో తడుతూ వెళ్తారు. ఒకచోట రోగి జివ్వుమందంటాడు. తిరిగి పెరుగుతున్న పోగుల కొస అక్కడి దాకా చేరిందన్నమాట. టినెల్ ఆ అనుభూతిని చీమలు పాకడం అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటతో వర్ణించాడు, తిమ్మిరిని మనమూ అలాగే వర్ణిస్తాం. ఒంట్లో తెగిన నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. తట్టిన చోట పెన్నుతో గుర్తు పెట్టి నెల తర్వాత మళ్లీ తడితే, పెరుగుదల సాగుతున్నవాళ్లకు ఆ జివ్వు దాదాపు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగి ఉంటుంది. జరగకపోతే మళ్లీ ఆపరేషన్ అవసరమా అని డాక్టర్లు ఆలోచించేది అప్పుడే.